అందనివారి జాబితా

మా కంపెనీలో ఎవరు అవసరమో, ఎవరు చెత్తో తేల్చడానికి శాస్త్రీయమైన పద్ధతి ఒకటి ప్రవేశపెట్టినట్టు ఒక సోమవారం ఉదయం పది గంటలకు ప్రకటన వెలువడింది. ప్రకటన కింద డైరెక్టరుగారి సంతకం, సంతకం కింద "సంతోషంగా సహకరించగలరు" అన్న మాట ఉన్నాయి. మేమందరం సంతోషంగానే సహకరించాం. సహకరించనివారు ఏ జాబితాలోకి వెళతారో ప్రకటనలోనే రాసి ఉంది మరి.

మేం జావాస్క్రిప్ట్ ఇంజిన్ తయారు చేస్తాం. ఇంజిన్ అనగానే పొగా, చక్రాలూ ఊహించుకోకండి. మీరు తెర మీద ఒక బొత్తాం నొక్కితే బొమ్మ కదులుతుంది కదా, ఆ బొమ్మను కదలమని ఎవరో ప్రోగ్రాములో రాసిపెట్టి ఉంటారు. వాళ్ళు రాసింది యంత్రానికి అర్థం కాదు. దాన్ని చదివి, యంత్రం భాషలోకి మార్చి, పని జరిపించి, పని అయ్యాక మిగిలిన చెత్తను ఊడ్చేదే మా ఇంజిన్. బొత్తాం నొక్కినా బొమ్మ కదలకపోతే మీరు తిట్టవలసింది మమ్మల్ని. ఆ సంగతి తెలియక మీరు ఇంట్లో పక్కనున్నవాళ్ళని తిడుతూ వస్తున్నారు. అందుకు మా సంస్థ మీకెంతో రుణపడి ఉంది.

మా దగ్గర ముఖ్యమైన విభాగాలు రెండు. ఒకటి ఊహించేది, ఇంకొకటి ఊడ్చేది.

ఊహించే విభాగంలో నూట ఎనభై మంది ఉన్నారు. ప్రోగ్రామును వరస వరసగా చదువుతూ పోతే ఆలస్యమవుతుందని, ఏ ముక్క మళ్ళీ మళ్ళీ నడుస్తోందో వీళ్ళు కనిపెడతారు. "ఇది ఇప్పటిదాకా అంకెల్నే కూడింది కాబట్టి ఇకముందు కూడా అంకెల్నే కూడుతుంది" అని పందెం కట్టి, ఆ ఒక్క పనినీ మెరుపులా చేసే యంత్రభాషను తయారు చేసి పెట్టుకుంటారు. పందెం నెగ్గినంతకాలం వేగమే వేగం. ఎప్పుడో ఒకనాడు అంకె రావలసిన చోట ఎవరిదో పేరు వచ్చిందనుకోండి, చేసిందంతా అవతల పారేసి, ఏమీ జరగనట్టు మళ్ళీ మొదటి వరస నుంచి చదువుకుంటారు. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. దీన్ని మా పరిభాషలో పురోగతి అంటారు.

ఆ విభాగం అధిపతిని మేం జోస్యంగారు అంటాం. ఇరవయ్యేళ్ళుగా అదే పని చేసి చేసి మనిషి కూడా అలాగే తయారయ్యారు. ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే జవాబు చెప్పేస్తారు. ఆయన భార్య వరసగా మూడు రోజులు మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేసి "భోంచేశారా?" అని అడిగింది. నాలుగో రోజు సరిగ్గా అదే వేళకు ఫోన్ మోగింది. "ఆ, ఇప్పుడే అయింది" అని ఈయన పెట్టేశారు. ఆ రోజు ఆవిడ అడిగింది మాత్రం, వంటింట్లో పైపు పగిలింది, ప్లంబరుకు చెప్పడం అయిందా అని. భర్త మాట మీద నమ్మకమున్న ఇల్లాలు కాబట్టి కాళ్ళు మంచం మీదకి లాక్కుని నిశ్చింతగా కూచుంది. సాయంత్రం జోస్యంగారు చీలమండల లోతు నీళ్ళలో నిలబడి, ఊహ తప్పిందని ఒప్పుకుని, భార్య చెప్పేది మొదటి మాట నుంచి వరసగా వినడం మొదలుపెట్టారు. మూడు రోజులు విన్నారు. నాలుగో రోజు నుంచి మళ్ళీ ఊహిస్తున్నారు.

ఇక ఊడ్చే విభాగం. తలుపు మీద "జ్ఞాపక నిర్వహణ విభాగం" అని ఉంటుంది. అందరూ మూలగది అంటారు, లేకపోతే చెత్తగది అంటారు. అందులో పనిచేసేది పెద్దాయన ఒక్కరే. ఇంకెక్కడా చోటు లేక నా బల్లను కూడా అక్కడే వేశారు. ఇంజిన్ ఎలా పనిచేస్తుందో వివరించే పుస్తకం రాయడం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. ఇంతవరకూ దాన్ని చదివినవాళ్ళం ఇద్దరమే, నేనూ పెద్దాయనా. నేను మధ్యలో ఆపేశాను.

పెద్దాయన పనిని నేను ఆయన నోటి వెంట వినే పుస్తకంలోకి ఎక్కించాను. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ యంత్రం జ్ఞాపకంలో లక్షల వస్తువులు పుట్టుకొస్తుంటాయి. చాలావాటికి పుట్టిన కాసేపటికే పని తీరిపోతుంది. వాటిని ఎప్పటికప్పుడు ఊడ్చెయ్యాలి, లేకపోతే చోటు చాలదు. ఏది చెత్తో ఎలా తెలియాలి? వేరు దగ్గర, అంటే ప్రోగ్రాము ఇప్పుడు నేరుగా పట్టుకుని ఉన్న మూల వస్తువు దగ్గర మొదలుపెట్టాలి. వేరుకు ఏ వస్తువులు అవసరమో వాటికి గుర్తు పెట్టాలి. ఆ వస్తువులకు ఏవి అవసరమో వాటికీ గుర్తు పెట్టాలి. అలా పోగా పోగా గుర్తు పడనిదేదో, అంటే వేరు నుంచి ఏ దారిలోనూ అందనిదేదో, అది చెత్త. ఒకటి రెండు ఊడ్పులకు తట్టుకుని నిలిచిన వస్తువుల్ని ముసలి గదిలోకి మారుస్తారు. ఆ గదివైపు అస్తమానం ఎవరూ చూడరు. ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన మా గది నాలుగు గోడల్నీ చూసి నవ్వారు.

మా భవనంలో కూడా చోటు చాలడం లేదు. ఉద్యోగులం రెండు వందల పద్నాలుగు మందిమి, కుర్చీలు నూట అరవై. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ప్రింటరు దగ్గర ఏదో పని ఉన్నట్టు నిలబడి సాయంత్రం దాకా గడిపేవారు. అటు ఇంజిన్‌కి కూడా అదే రోగం పట్టింది. ఎక్కడో ఏదో లీకు ఉంది. అనవసరమైన వస్తువులన్నీ జ్ఞాపకంలో అలాగే ఉండిపోయి, ఇంజిన్ ఉబ్బి ఉబ్బి, చివరికి మీ తెర బిగుసుకుపోయేది. ఎనిమిది నెలలుగా పెద్దాయన దాని వెంట పడ్డారు, అది చిక్కడం లేదు. ఇంజిన్ సంగతి ఆయన చూసుకుంటారు కాబట్టి భవనం సంగతి తాను చూసుకోవాలని డైరెక్టరుగారికి అనిపించింది. మన ఇంజిన్ వస్తువుల్ని ఎలా ఊడుస్తుందో మనుషుల్ని కూడా అలాగే ఊడిస్తే సరిపోతుందని ఆయన కనిపెట్టారు.

ఆ విధంగా వచ్చిన ప్రకటన ఇది: "ప్రతి ఉద్యోగీ తన పనికి నిజంగా అవసరమైనవారి పేర్లు, పదికి మించకుండా, కాగితం మీద రాసి, కవరులో పెట్టి, పెట్టెలో వేయవలెను. ఎవరి పేరు ఎన్ని కాగితాలలో కనిపించునో వారికి అన్ని గుర్తులు. ఒక్క గుర్తు కూడా రానివారిని సంస్థ మిక్కిలి విచారముతో, తక్షణమే విముక్తులను చేయును."

గంట తిరగకముందే పరస్పర ప్రస్తావన సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, నియమావళి అన్నీ మధ్యాహ్నానికల్లా వచ్చాయి. నువ్వు నా పేరు రాయి, నేను నీ పేరు రాస్తాను అన్నది నియమావళిలో మొదటి అంశం. రెండో అంశం లేదు. మాట తప్పలేదని రుజువు చేసుకోవడానికి ఎవరి కాగితం నకలు వాళ్ళు నోటీసు బోర్డు మీద గుచ్చాలి. ఆరేళ్ళుగా ఒకే లిఫ్టు ఎక్కని ఉపాధ్యక్షులు ఇద్దరు, "ఆయన లేనిదే నా చెయ్యి ఆడదు" అని ఒకరి గురించి ఒకరు రాసుకున్నారు. ఒక జట్టులో పన్నెండు మంది గుండ్రంగా కూచుని ఎడమచేతి వైపు వాళ్ళ పేరు రాసి, మళ్ళీ కుడిచేతి వైపు వాళ్ళ పేరు రాసి, ఇంత ఐకమత్యం మనలో ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదే అని కళ్ళు తుడుచుకున్నారు.

నేనూ రాశాను. ఏడుగురు ఉపాధ్యక్షుల పేర్లు రాశాను. ఎనిమిదోది జోస్యంగారిది. తొమ్మిదోది సంఘం కార్యదర్శిది. పదో గడి ఖాళీగా ఉంది. పక్క బల్ల వైపు చూశాను. ఈ పదకొండేళ్ళలో నాకు తెలియనిదల్లా అడిగింది ఆ బల్లనే. కలం కాగితం మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే కుర్చీలు కేటాయించే ఆయన మా గుమ్మం ముందు నుంచి వెళుతూ నన్ను చూసి నవ్వాడు. కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీ అవుతోందని నాకు తెలుసు. కలం అప్పటికే కాగితం మీద ఉంది కాబట్టి పని వెంటనే అయిపోయింది.

పెద్దాయన ఎవర్నీ అడగలేదు. "రాయండి" అని ఒకరిని అడగడం ఆయనకు చేతకాదు. తన కాగితం తను రాసి, మడిచి, కవరు అంటించి, పెట్టెలో వేసి వచ్చి, లీకు వెతుక్కోవడంలో పడ్డారు.

ఆయన భార్యను మేం పెద్దావిడ అంటాం. రోజూ పదకొండింటికి గదిలో ఫోన్ మోగుతుంది. కాగితాలు వేసిన మర్నాడు పెద్దాయన బయటికి వెళ్ళడం వల్ల నేను తీశాను.

"బాబూ, మీరేనా? ఈయన పేరు ఎవరైనా రాశారా? అడిగితే నాకేం చెప్పరు. ఇంట్లో కూచోబెడితే ఈయన నా అలమరాలు ఊడ్చేస్తారు బాబూ. ఆదివారం ఒక్కరోజుకే, రెండేళ్ళుగా నువ్వు దీన్ని ముట్టుకోలేదు అని నా పెళ్ళినాటి పెట్టె బయట పెట్టారు. రోజూ ఇంట్లో ఉంటే నన్ను కూడా బయట పెడతారు."

"అయ్యో, అలాంటిదేం జరగదమ్మా."

"మీరైనా రాశారా?"

"భలేవారే! నేను రాయకుండా ఉంటానా?" అన్నాను. నా గొంతులో ఏ తేడా లేకపోవడం చూసి నాకే ముచ్చటేసింది.

మర్నాడు పెద్దాయన బోర్డు ముందు నిలబడి, కళ్ళజోడు పైకి తోసుకుని, నా కాగితం నకలును పై నుంచి కింది దాకా చదివారు. నేను వెనకే ఉన్నాను. తప్పించుకోవడానికి అటు లిఫ్టూ లేదు, ఇటు మెట్లూ లేవు.

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయయ్యా" అని వెళ్ళిపోయారు.

శుక్రవారం లెక్క తేలింది. రెండు వందల పదమూడు మందికి తలా కొన్ని గుర్తులు, కొందరికి పదికి మించి కూడా వచ్చాయి. కిందటేడు ఉద్యోగం మానేసిన ఒకాయనకు ఆరు వచ్చాయి. ఒక్కరికి మాత్రం సున్న. సంస్థలో ఉన్న చెత్త అంతా కలిపి పెద్దాయన ఒక్కరేనని, ఇంత శుభ్రమైన సంస్థ మరొకటి ఉండదని డైరెక్టరుగారు హర్షం ప్రకటించారు. కుర్చీల సమస్య నూట అరవైకి రెండు వందల పదమూడుగా మెరుగుపడింది.

పెద్దాయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివి లేచారు. "రావయ్యా, డైరెక్టరుగారిని ఒకసారి కలిసొద్దాం" అన్నారు. బతిమాలుకోవడానికి తోడు పిలుస్తున్నారనుకుని వెళ్ళాను.

"అయ్యా, పద్ధతి తప్పండి" అన్నారు ఆయన లోపలికి అడుగు పెడుతూనే. "పేర్లు లెక్కపెట్టకూడదు. ఇద్దరు ఒకరినొకరు గట్టిగా పట్టుకుని గాల్లో వేళ్ళాడుతున్నా, ఈ లెక్కలో ఇద్దరూ బతికున్నట్టే వస్తుంది. వాళ్ళు మీ పనికి అందుతున్నారా లేదా అన్నది ఈ లెక్క చెప్పదు. మన ఇంజిన్లో ఈ పద్ధతి లేదండి. వేరు దగ్గర మొదలుపెట్టి గుర్తులు వేసుకుంటూ రావాలి."

"వేరంటే ఎవరు?"

"ఈ భవనంలో అయితే తమరేనండి."

డైరెక్టరుగారు కుర్చీలో కాస్త పైకి జరిగారు. "అంటే అన్నిటికీ మూలం నేనేనన్నమాట."

"సాంకేతికంగా అంతేనండి."

"నేను చాలాకాలంగా అదే అనుకుంటున్నాను" అన్నారు డైరెక్టరుగారు. వెంటనే పాత లెక్క రద్దు చేసి, సోమవారం అందరి ఎదుటా వేరు నుంచి గుర్తులు వేయాలని, ఎర్ర పెన్సిలు పెద్దాయనే పట్టాలని ఉత్తర్వు ఇచ్చారు. ఈ పద్ధతి ఇంకెవరికీ రాదు. పోవలసినవాళ్ళ జాబితాను పోవలసిన మనిషి చేతే రాయించడం మా సంస్థలో మొదటిసారేమీ కాదు.

తిరిగొస్తూ ఉండబట్టలేక అడిగాను. "గురువుగారూ, ఈ లెక్కలో కూడా మీ పేరు రాదు కదా?"

"రాకపోతే రాదు. తప్పు లెక్కలో పోయేకంటే సరైన లెక్కలో పోవడం నయం కదయ్యా" అన్నారు. నాలుగడుగులు వేశాక ఆగి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. ఎంత తుడిచినా ఆయనకు తృప్తి కలగలేదు. "నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. ఆ లీకు ఒక్కటి పట్టుకుని పోదామనుకున్నాను. అంతే." ఆయన పేరు రాసి ఉంటే బాగుండేదనుకున్నాను. కాని నా పదో గడిలో పేరు అప్పటికే సిరాతో ఉంది.

సోమవారం పెద్ద హాలులో సమావేశం. డైరెక్టరుగారి కాగితం ఇంకా కవరులోనే ఉంది. అందులో ఏముంటుందో జోస్యంగారికి తెలుసు. గడిచిన మూడేళ్ళుగా డైరెక్టరుగారు ప్రతి సభలోనూ ఏడుగురు ఉపాధ్యక్షుల పేర్లే వరసగా చదివి కృతజ్ఞత చెప్పారు. కాబట్టి ఈసారీ ఆ ఏడు పేర్లే. అక్కడి నుంచి సంఘం మొత్తం అందుతుంది, పెద్దాయన ఒక్కరే అందకుండా మిగులుతారు. లెక్క అయ్యేదాకా ఆగడం జోస్యంగారికి పద్ధతి కాదు కాబట్టి వీడ్కోలు ముందే జరిపించేశారు. గోడ గడియారం ఒకటి తెచ్చారు. దాని కింద ఇత్తడి రేకు మీద "సంస్థ మీకు కృతజ్ఞత తెలుపుతోంది. ఇక విశ్రాంతి తీసుకోండి" అని చెక్కించారు.

"మిత్రులారా! ఈ మహనీయుడు మన జ్ఞాపకాలను ఇరవై మూడేళ్ళు నిర్వహించారు. ఆయన ఎంత నిశ్శబ్దంగా పనిచేశారంటే, పనిచేస్తున్నారని మనలో ఎవరికీ తెలియలేదు. ఆయన లేని లోటు పూడ్చలేనిది. దానిని రేపు ఉదయానికల్లా పూడ్చేస్తాం. గురువర్యా, మీరెక్కడున్నా మిమ్మల్ని మరిచిపోం. ఇంతకీ, మీరు ఇక్కడ ఎక్కడ ఉండేవారు?" అని జోస్యంగారు ప్రసంగించారు. చప్పట్లు మార్మోగాయి. నావి కూడా అందులో ఉన్నాయి.

గుర్తులు వేస్తున్నంతసేపూ ప్రపంచం ఆగిపోవాలి. ఇంజిన్లో ఇది నియమం. గుర్తులు వేస్తుంటే వస్తువులు అటూ ఇటూ మారితే లెక్క తప్పుతుంది. అందుకని గంట కొట్టగానే ఎక్కడివాళ్ళు అక్కడ కదలకుండా నిలబడాలని ఆదేశం. గంట మోగింది. ఒక ఉపాధ్యక్షుడు ఆవులింత మధ్యలో ఆగిపోయాడు. సంఘం కార్యదర్శి ముక్కు గోక్కోబోయి, వేలు ముక్కుకు అంగుళం దూరంలో ఆపాడు. కుర్చీలు కేటాయించే ఆయన కూర్చోబోతూ ఉన్నాడు పాపం, కూర్చోకుండానే ఉండిపోయాడు.

పెద్దాయన డైరెక్టరుగారి కవరు విప్పారు. "ఎవరు లేకపోతే మీ రోజు ఆగిపోతుందో వాళ్ళ పేర్లు మాత్రమే రాయండి" అని ఆయన శుక్రవారమే డైరెక్టరుగారిని అడిగి ఉన్నారు. డైరెక్టరుగారిని జీవితంలో ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. శని ఆదివారాలు రెండూ కూచుని, చాలా నిజాయితీగా ఆలోచించి రాశారు. కాగితంలో మూడు పేర్లున్నాయి. కారు డ్రైవరు. కాఫీ అక్క. కుర్చీ ఎత్తు సరిచేసే వడ్రంగి.

అప్పటికే అందరం కదలకుండా ఉన్నాం కాబట్టి ఎవరి ముఖంలో ఏం మారిందో తెలియలేదు.

ఈ ముగ్గురూ రెండు వందల పద్నాలుగు మంది లెక్కలోకి రారు. వాళ్ళనెవరూ కాగితం అడగలేదు. "వేరు నుంచి అందారు కాబట్టి వాళ్ళకెవరు అవసరమో కూడా చూడాలండి" అన్నారు పెద్దాయన. ముగ్గుర్నీ పిలిపించారు.

"నాకు గేటు దగ్గరాయన కావాలి సార్. ఆయన గేటు తియ్యకపోతే లోపలికి రాలేను" అన్నాడు డ్రైవరు. గేటు దగ్గరాయన్ని అడిగితే, "నాకు డ్రైవరు కావాలండి. ఆయన హారన్ కొడితేనే నాకు మెలకువొచ్చేది" అన్నాడు. ఆ దారి అక్కడితో సరి. "నాకెవరూ అక్కర్లేదు. వేళకి కాఫీ ఉంటే చాలు" అన్నాడు వడ్రంగి. ఆ దారి కాఫీ అక్క దగ్గరికే చేరింది.

ఇక మిగిలింది కాఫీ అక్క. ఏడుగురు ఉపాధ్యక్షులు, నూట ఎనభై మంది ఊహాపండితులు, పరస్పర ప్రస్తావన సంఘం అధ్యక్ష కార్యదర్శులు, వీళ్ళందరి బతుకూ ఆవిడ చెప్పబోయే మాట మీద ఆధారపడింది. ఆవిడ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ హాలంతా ఒకసారి కలయజూసింది. ఆవిడ పేరేమిటో గుర్తు తెచ్చుకోవడానికి ఒక ఉపాధ్యక్షుడు కదలకుండానే చాలా కష్టపడ్డాడు.

"నాకెవరు కావాలంటే ఏం చెప్పనండీ! రోజూ రెండొందల కప్పులిస్తాను. సాయంత్రం బల్ల బల్లకీ తిరిగి ఏరుకుంటాను. కిటికీల్లో ఉంటాయి, పూలకుండీల్లో ఉంటాయి, ఒకసారైతే ప్రింటర్లో దొరికింది. తెచ్చి నా చేతికిచ్చేది ఒక్కరే. రాని రోజుంటే ముందురోజే చెప్తారు, పాలు తక్కువ పొయ్యమ్మా అని. ఆయన లేకపోతే నాకు తోచదు. పేరు తెలీదండీ. మూలగదిలో కళ్ళజోడాయన."

ఎర్ర పెన్సిలు ఆగిపోయింది. "నా పేరు నేనే గుర్తు పెట్టుకోవడం బాగుండదేమోనండి" అన్నారు పెద్దాయన నెమ్మదిగా.

"వేరు నుంచి అందిందా లేదా?" అన్నారు డైరెక్టరుగారు.

"అందిందండి."

"అయితే పెట్టండి."

పెట్టారు. ఆ గీత కాస్త వంకరగా వచ్చింది. తరవాత తన కాగితం తనే విప్పి చదివారు. అందులో ఒకే పేరు ఉంది, పేరు పక్కన కారణం కూడా ఉంది. "ఈయన రాసిన పుస్తకం చదివితేగాని, నేను చేసిందేమిటో నాకే అర్థం కాదు."

ఆ పేరు నాది.

కదలకూడదన్న నియమం నాకు ఆ క్షణంలో ఎంతో మేలు చేసింది. చెవులు మాత్రం కాలిపోయాయి. చెవులు ఎర్రబడడం కదలిక కిందికి వస్తుందో రాదో ఉత్తర్వులో లేదు. పదకొండేళ్ళు పక్కన కూచున్నాను, పది పేర్లు రాశాను, ఆ పదిలో ఒక్కటి ఈయనకి ఇవ్వలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నాకు గుర్తు పడింది కాబట్టి నా కాగితం విప్పారు. ఏడుగురు ఉపాధ్యక్షులు, జోస్యంగారు, కార్యదర్శి, కుర్చీల ఆయన. పదిమందికీ గుర్తు పడింది. ఆ పదిమంది కాగితాల్లోంచి వందమందికి, ఆ వందమంది కాగితాల్లోంచి మిగిలినవాళ్ళకి. పెన్సిలు రెండుసార్లు చెక్కవలసి వచ్చింది. మధ్యాహ్నానికి ఒక్కరు కూడా మిగలకుండా రెండు వందల పద్నాలుగు మందీ అందారు. డైరెక్టరుగారి నుంచి కాఫీ అక్క, కాఫీ అక్క నుంచి పెద్దాయన, పెద్దాయన నుంచి నేను, నా నుంచి సంస్థ మొత్తం. నడుమ ఉన్నది ఒక్కటే దారం. ఆ దారం ఒక కప్పుకు కట్టి ఉంది.

ప్రపంచాన్ని మళ్ళీ నడిపించారు. ఆవులించేవాడు ఆవులింత పూర్తి చేశాడు. డైరెక్టరుగారు గద్గద స్వరంతో మాట్లాడారు. "సంస్థను మొత్తం తన కలం మీద మోసిన మహానుభావుడు మన మధ్యనే ఉన్నాడని నేడు తెలిసింది. సాటి ఉద్యోగుల మీద ఇంత ప్రేమ, అందులోనూ పై అధికారుల మీద ఇంత ప్రేమ నేనెక్కడా చూడలేదు!" అని నన్ను వేదిక మీదికి పిలిచారు. తెచ్చిన గడియారం ఒకటి ఎలాగూ ఉంది కాబట్టి అది నాకిచ్చారు. ఇక విశ్రాంతి తీసుకోండి అని రాసి ఉన్నది అందరూ గౌరవంగానే చదివారు.

గోల మధ్యలో పెద్దాయన ఒక్కరే బల్ల మీద వంగి ఆ ఎర్ర గీతల్ని చూస్తున్నారు. ఉన్నట్టుండి "దొరికింది!" అన్నారు. "ఇదేనయ్యా లీకు! ఇంజిన్లో కూడా ఇంతే జరుగుతోంది. ఎక్కడో ఒక్క బుజ్జి వస్తువు నిజంగా అవసరమై బతికుంటుంది. దాని చేతిలో ఒక జాబితా ఉంటుంది. ఆ జాబితా పట్టుకుని అక్కర్లేనివన్నీ బతికేస్తున్నాయి. నేను చెత్తలో వెతుకుతున్నాను, అది మంచివాటిలో ఉంది!" అంటూ చిన్నపిల్లాడిలా మూలగదికి పరుగెత్తారు. రెండు రోజుల్లో లీకు కట్టేశారు. కిందటి నెల నుంచి మీ తెర బిగుసుకుపోవడం లేదు, మీరు గమనించి ఉండరు. మీ ఇంట్లో పక్కనున్నవాళ్ళు గమనించి ఉంటారు.

సమావేశం జరిగిన మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగింది. "బాబూ, అంతా చెప్పారు ఈయన. మీరు రాయబట్టే తన ఉద్యోగం నిలిచిందట! మీ పేరు తలుచుకుని ఎంత సంతోషపడ్డారో. మీలాంటి మనిషి పక్కన ఉండబట్టి గాని..." అంటూ పెద్దావిడ చాలాసేపు మాట్లాడింది. నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన తెర మీద నుంచి తల తిప్పలేదు. "ఆవిడకు నిద్ర పట్టాలి కదయ్యా" అన్నారు. నా ఎదురుగా గడియారం టిక్కు టిక్కుమంటోంది.

ఆ సాయంత్రం నుంచి భవనంలో ఒక్క కప్పు కూడా బల్లల మీద కనబడలేదు. ఏడుగురు ఉపాధ్యక్షులు సీనియారిటీ ప్రకారం వరసలో నిలబడి తలొక కప్పూ స్వహస్తాలతో కాఫీ అక్కకి అందించేవారు. ఇచ్చేముందు వాళ్ళ పేరు కాస్త గట్టిగా చెప్పేవారు. కొందరు పక్కవాళ్ళ కప్పులు ఎత్తుకెళ్ళి తమవని ఇచ్చారు. ఇవ్వడానికి కప్పు ఉండాలని కొందరు రోజుకి తొమ్మిది కాఫీలు తాగి, చేతులు వణికి కప్పులు పగలగొట్టారు. మూడుసార్లు కప్పు తిరిగిచ్చారు కాబట్టి నాలుగోసారీ ఇవ్వవలసి వస్తుందని ఊహించి, జోస్యంగారు ఇంకా తాగని కాఫీని కూడా ముందే తిరిగిచ్చేశారు. వరసలో నేనూ ఉన్నాను, కాని ప్రేమ కొద్దీ వెళ్ళాను. మిగతావాళ్ళూ ప్రేమ కొద్దీ వచ్చామనే చెప్పారు.

"ఇదివరకు కప్పుల కోసం నేను తిరిగేదాన్ని. ఇప్పుడు కడగడానికి సింకు దాకా వెళదామంటే దారివ్వరేమండీ!" అని కాఫీ అక్క పెద్దాయన దగ్గర మొర పెట్టుకుంది.

ఆవిడ ఇబ్బంది డైరెక్టరుగారి దాకా వెళ్ళింది. ఇంతమంది ముఖ్యుల భవిష్యత్తు ఒక సింకు పక్కన నిర్ణయం కావడం సంస్థ గౌరవానికి తగదని సవరణ తెచ్చారు. "ఇకమీదట ఏడుగురు ఉపాధ్యక్షులు, జోస్యంగారు కూడా వేర్లుగానే పరిగణింపబడుదురు."

"ఇన్ని వేర్లుంటే ఇక ఊడవడానికి చెత్తే ఉండదండి" అన్నారు పెద్దాయన.

"మనకు కావలసింది అదే కదండీ, చెత్త లేని సంస్థ!" అన్నారు డైరెక్టరుగారు. చప్పట్లు కొట్టాం. కుర్చీలు ఇప్పటికీ నూట అరవై.

సవరణ వచ్చిన మధ్యాహ్నమే కప్పులు తిరిగి బల్లల మీదికి, కిటికీల్లోకి, పూలకుండీల్లోకి చేరుకున్నాయి. ఎంతైనా అలవాటైన చోటు. నాకు కిటికీ పక్కన కుర్చీ వచ్చింది, కాని వెళ్ళలేదు. మూలగదిలోనే ఉన్నాను. అంతమాత్రాన నేను మారిపోయానని అనుకోకండి. ఇది రాస్తున్న నా బల్ల మీద, ఆ గడియారం పక్కన, ఇప్పుడు మూడు కప్పులున్నాయి. ఇందాక నాలుగుండేవి. పెద్దాయన ఇంటికి వెళ్ళబోతూ తన కప్పుతో పాటు, రెండో చెయ్యి ఖాళీగా ఉన్నందుకు, నాదొకటి కూడా తీసుకెళ్ళారు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, నవ్వడానికే రాశాను. నవ్వడం అయ్యాక ఒక్కసారి లేచి, పొద్దున మీరు తాగిన కప్పు ఇప్పుడు ఎక్కడుందో చూసి రండి. మీరు పెట్టిన చోట అది లేకపోతే, అక్కణ్ణుంచి తీసినవాళ్ళ పేరు మీ పది గడుల్లో ఎన్నోదో చెప్పండి.